వాటం

మొదట తుపాకీని అనుమానించాను.
తర్వాత పెల్లెట్ల డబ్బాని.
తర్వాత, రైల్వే ఇన్‌స్టిట్యూట్ షెడ్డులో
నెత్తి మీద కిర్రుమనే ఫ్యానుని.
పది మీటర్ల అవతల కాగితం మీద
నా దెబ్బలన్నీ కూడబలుక్కుని
ఎడమపక్కకి జరిగి కూర్చున్నాయి
పెళ్ళి పందిట్లో అలిగిన బంధువుల్లా.

సైటు నాలుగు క్లిక్కులు తిప్పాను. ఆరు తిప్పాను.
మర్నాడు ఇంకో మూల.

జోగినాయుడు మాస్టారు,
చింతలవలస బెటాలియన్లో ముప్ఫై ఏళ్ళు
తుపాకులకి నూనె పట్టిన మనిషి,
నా కాగితాన్ని ఎండకి పెట్టి చూశారు.
"తుపాకీ బాగానే ఉందే నీలేణీ.
సేతులు సాపు."

రెండు అరచేతులూ కలిపితే మధ్యలో చిన్న కంత.
కంతలో, దూరంగా, హోమ్ సిగ్నల్ ఎర్రదీపం.
"కుడికన్ను ముయ్యి."
దీపం అక్కడే ఉంది.
"ఎడం ముయ్యి."
దీపం లేదు. నా బొటనవేలి గోరుంది.
మళ్ళీ చూశాను. పదకొండు సార్లు చూశాను.
"కన్ను మారిపోనాది తల్లీ" అన్నారాయన,
ఎవరికో బదిలీ అయినట్టు.

ఎప్పుడు మారింది?
ఏ రాత్రి డ్యూటీలో,
పలాసకి రెండు, బొబ్బిలికి ఒకటిన్నర అంటూ
కౌంటరు కంతలోకి వంగిన ఏ మొహాల మధ్య
ఇది దానికి ఛార్జి అప్పగించింది?
సంతకాల్లేవు.
డాక్టరు కంట్లో లైటు వేసి
శుక్లం మొదలైంది, ఇంకా పండలేదన్నాడు
మామిడికాయ సంగతి చెప్పినట్టు.

ఈ కుడికన్నే నాకు ఉద్యోగం తెచ్చింది.
స్పోర్ట్స్ కోటా. నాలుగొందలకి మూడొందల తొంభై ఒకటి.
ఎడమది అదిరితే మంచిదని మురిసిపోవడమే తప్ప
దాన్నెప్పుడు పనిలో పెట్టాను కనక?
ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం.
ఆ సున్నం పెట్టింది నేనేనని
నలభై మూడేళ్ళకి తెలిసింది.

ముందు ఎడమ అద్దం మీద ప్లాస్టరు ముక్క అంటించాం.
దాని వెనక కన్ను రెప్పవాల్చకుండా
తెల్లదనాన్నే చూస్తూ కూర్చుంది.
సాయంత్రానికి కణతల్లో పోటు.
కుడికంటికేమో నల్లచుక్క అంచుకి
నూగు పట్టినట్టు.

"ఇంక బుజం మార్సీ."

పుర్రచేత్తో ముద్ద ఎత్తితే
వీపు మీద చరిచిన ఇల్లు మాది.
రైఫిలు మడమ ఏ ఎముకకి ఆనాలో
ఎడమ భుజానికి తెలీదు.
ఎడమ చూపుడువేలికి నొక్కడం వచ్చు,
నొక్కకుండా ఆగడం రాదు.
మొదటి వారం రెండొందల పన్నెండు.
ఎన్.సి.సి. గుంటలు మొహాలు తిప్పుకుని నవ్వారు.
నవ్వనీ, నాకూ నవ్వొచ్చింది.

ఇంట్లో తాళం ఎడంచేత్తో తీశాను.
చారు ఎడంచేత్తో పోశాను, సగం పళ్ళెంలో.
చిల్లర మాత్రం ఎడంచేత్తో ఇవ్వలేకపోయాను.
కంత అవతల ముసలామె
చెయ్యి వెనక్కి తీసుకుంది.

జిల్లా పోటీ. నాలుగో లేను.
అందరూ ఒకవైపు తిరిగి నిలబడ్డారు,
నేనొక్కదాన్నే ఎదురు.
ఇన్నేళ్ళూ కుడిపక్క మనిషి జడ చూసి కాల్చాను.
ఇప్పుడు ఎడమపక్క, నా వీపునే చూసి కాల్చే
సాలూరు లెంక కుసుమ
మొహం ఎదురుగా.
ట్రిగ్గరుకి ముందు కింది పెదవి కొరుకుతుందని
పన్నెండేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.
చూపులు కలిశాయి. ఇద్దరం నవ్వబోయి
ఊపిరితోపాటు ఆపుకున్నాం.

మొదటిది ఎనిమిది. రెండోదీ ఎనిమిదే.
మూడోది ఎక్కడ పడిందో చూడలేదు.
గురి కుదరడమంటే
మనుషుల మీద నమ్మకానికీ అదే మాట కదా,
దానికి టైము పడుతుంది.

ప్లాస్టరు తీసేశాను.
కుడికన్ను తెరిచే ఉంచాను.
మసగ్గానే అయినా
దానికీ చూడాలనుంటుంది.
చూడనీ.