పదకొండో ఏడు

నూట ముప్ఫై నాలుగు కిలోలున్నప్పుడు
పుంతా అరెనాస్ గాలి నన్ను కదిలించలేకపోయేది.
మా చెల్లెలి పిల్లలు నా వెనక నక్కి
వీధి దాటేవాళ్ళు.
ఇప్పుడు ఫెర్రీ దిగి ఊళ్ళోకొస్తే
చౌరస్తాలో మునిసిపాలిటీ వాళ్ళు కట్టిన తాడు పట్టుకుని
అందరిలాగే ఒంగి నడుస్తాను.
దీన్నే విజయం అన్నారు సాంతియాగోలో.

అక్కడే, పదకొండేళ్ళ కిందట,
నా కడుపు కోసి అరటిపండంత మిగిల్చారు.
కోతకు ముందు ఎంతమందని!
మనసు చూసే ఆవిడ, తిండి లెక్కల ఆవిడ,
మత్తిచ్చే ఆయన, పక్కనుంచి ఫొటో తీసే కుర్రాడు.
పెళ్ళికి ముందు వియ్యాలవారి మర్యాదలు.
ఇంటికి పంపేటప్పుడు ఓ కాగితం ఇచ్చారు:
"జీవితాంతం డాక్టరుకు చూపించుకోవాలి."
ఏ డాక్టరుకో రాయలేదు.

రెండేళ్ళు అప్పుచేసి విమానంలో వెళ్ళొచ్చాను.
మూడో ఏడు సర్జన్ గారు రిటైరై
ద్రాక్షతోట కొనుక్కున్నారట.
ఫోనెత్తిన అమ్మాయి
నా ఫైలు అట్టపెట్టెలో ఉందంది,
అట్టపెట్టె గోదాములో ఉందంది,
గోదాము తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుంటానంది.
ఇంకా కనుక్కుంటూనే ఉంది.

పోర్వెనీర్‌లో పీతల ఫ్యాక్టరీ నాది.
పది గంటలు నిలబడి
ఎర్రటి కాళ్ళు విరిచి మాంసం తీయడం.
నా కాళ్ళకి మొదట ఇసక మీద నిలబడ్డట్టుండేది.
తర్వాత దూది మీద.
తర్వాత దేనిమీదా కాదు.
ఓ రాత్రి మేజోడు విప్పితే నెత్తురు.
బూటులో మేకు పొద్దుటినించీ ఉంది,
నాకే తెలీలేదు.

రెండు గంటలు జలసంధి దాటి
ఒకాయన దగ్గరికి వెళ్ళాను.
"సన్నగానే ఉన్నారుగా, ఇంకేం కావాలి?"
ఇంకొక చోట,
మా దగ్గర కోయించుకున్నవాళ్ళనే చూస్తామన్నారు.
ఒకరు కుట్టిన గుడ్డకి మరొకరు మాటు వెయ్యరని
దర్జీలకుందిగా ఓ పట్టింపు, అదే.
మూడో ఆవిడ ముందు కాటా ఎక్కించింది.
తొమ్మిది కిలోలు మళ్ళీ పెరిగానని
తిన్నగా తిట్టింది.
తిట్లయ్యేసరికి నా టైమైపోయింది.
కాళ్ళు నా వెంటే నోరెత్తకుండా బయటికొచ్చాయి.

తిరుగు ఫెర్రీలో అనుకున్నాను:
ఏరు దాటించినవాళ్ళే తెప్ప తగలేసి పోయారు.
ఒడ్డు అనుకున్నది ఒడ్డు కాదని
నేనిప్పుడు ఎవరికి చెప్పను?

మేకు గాయానికి కట్టు కట్టించుకోడానికి
మా ఊరి చిన్నాసుపత్రికి వెళ్ళాను, అంతే.
మిలెంకా గాయార్దో అని ఓ పిల్ల డాక్టరు,
ముక్కు ఎప్పుడూ జలుబుతో ఎర్రగా ఉంటుంది.
కట్టు కడుతూ అడిగింది,
"ఈ పూట ఏం తిన్నారు?"
ఎనిమిదేళ్ళయింది
ఆ మాట ఎవరైనా అడిగి.
మూడు చెంచాల సూపు, రొట్టె అంచు.
"మెట్టెక్కేటప్పుడు పాదాల్ని కళ్ళతో చూసుకుంటున్నారు.
ఎప్పట్నించి?"
నేను చెప్పనే లేదు ఆ సంగతి.

అన్నీ విని,
"ఈ ఆపరేషన్ గురించి నాకు పెద్దగా తెలీదు" అంది.
గుమ్మం బయట చెప్పులు విడిచినంత మామూలుగా అంది.
"రేపటికి చదువుకుని వస్తాను."

వచ్చింది.
ఎర్రటి సూదిమందు, బి పన్నెండు. ఇనుము. సున్నం.
రక్తం ఆరు సీసాల్లోకి తీసి
ఫెర్రీలో అవతలికి పంపింది.
ఆరు నెలలకోసారి రమ్మంది, బాగున్నా సరే రమ్మంది.

ఆవిడది మూడేళ్ళ డ్యూటీ ఇక్కడ.
ఒకటి అయిపోయింది.
ఆ లెక్క నాకు వచ్చు కాబట్టి అడిగేశాను,
"మీరెళ్ళాక?"
జవాబివ్వలేదు. ముక్కు తుడుచుకుంది.
కొత్త ఫైలు తెరిచి
"నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవారికి" అని మొదలుపెట్టి
పేజీన్నర రాసింది.
ఒకటి ఆసుపత్రికి, ఒకటి నాకు.
గోదాములకిచ్చే రకం కాదు,
నాది బిస్కెట్ల డబ్బాలో దాచాను.

నిన్న రాత్రి వంటింట్లో
ఉత్తకాళ్ళతో నిలబడ్డాను.
ఎడమ బొటనవేలికి నేల చల్లగా తగిలింది.
కుడిది ఇంకా ఏమీ అనలేదు.