ఇరవై మూడు పలకలు

మార్కాపురంలో మా పలకల గోడౌను మేడ మీద
నెలాఖరు ఆదివారం
కనికట్టు వాళ్లమంతా కలుస్తాం.
పదకొండు మందిమి. ఇప్పుడు పది.

మినిట్సు బుక్కు నా దగ్గరుంటుంది,
పలకలు చేసేవాడికి రాత బాగుంటుందనుకున్నారు పిచ్చోళ్లు.

ముందు వార్తలు.
గిద్దలూరు దిబ్బయ్య పావురాలు రెండిట్నీ పిల్లి ఎత్తుకుపోయింది.
టోపీలోంచి ఇప్పుడు కోడిపిల్లను తీస్తున్నాడు,
జనం ఇంకా ఎక్కువ నవ్వుతున్నారంట.
కంభం జిలానీకి రిసెప్షన్లో రెండు వేలు ఒప్పుకుని
పన్నెండొందలు చేతిలో పెట్టి, భోంచేసి పొమ్మన్నారు.
"డబ్బు మాయం చెయ్యడం మనకన్నా వాళ్లకే బాగా వచ్చబ్బా."

కెనడా నుంచి ఉత్తరం.
ఎవరో ముసలి మెజీషియను, రెండు డజన్ల పలకలు కావాలంట,
చెక్క ఫ్రేముతో, ఆరు బై ఎనిమిది.
వాళ్ల ఊళ్లో పలక చూసి నలభై ఏళ్లయిందంట.
(మా ఊళ్లోనూ అంతే. బడికి పలక పోవడం లేదు,
గోడలకంటించే డిజైను రాయి పోతోంది.)
మంచుకు పగలవు గదా అని అడిగాడు.
మా ఎండకే పగల్లేదు స్వామీ, అని రాశాను.

కర్ర విరిచే ముచ్చట కూడా ఆ ఉత్తరంలోదే.
తమలో ఒకరు పోతే, నలుగురూ చేరి
అతని మంత్రదండాన్ని మధ్యకు విరుస్తారంట,
ఇక అందులో ఏమీ లేదని చెప్పడానికి.
బాగుందే అనుకున్నాం.
వారం తిరక్కుండా మాలకొండయ్య పోయాడు.

ప్రొఫెసర్ మాలకొండ. ముప్పై ఏళ్లు
తిరనాళ్లన్నిట్లో భార్యను పెట్టెలో పడుకోబెట్టి
రంపంతో రెండు చేసినవాడు.
ఇంట్లో వంకాయ కొయ్యడం చేతకాదు.
పోస్టర్ల మీద ఆమె పేరు మిస్ రీటా.

ఆమె మా మేడ ఎక్కడం ఇదే మొదలు.
మీటింగు జరిగినన్నాళ్లూ కింద
పలకల దొంతుల పక్కన, రాతి దుమ్ములో కూచునేది.
గుట్టు బయటివాళ్ల చెవిన పడకూడదని రూలు.
మోకాళ్లు గడ్డానికానించి
ఆ గుట్టంతా తానే అయి చీకట్లో ముడుచుకున్న మనిషికి
మేం పెట్టిన రూలు.

కర్ర చేతికిచ్చి విరవమ్మా అన్నాం.
అటూ ఇటూ తిప్పి చూసింది.
"దీంట్లో ఇనప ఊచ ఉంది. విరిగేది ఇంట్లో ఉంది.
అది విరిగినా మళ్లీ అతుక్కుంటది. ఏం చెయ్యమంటారు?"

మాకేం తోచలేదు. ఫ్యాను ఒకటే తిరుగుతోంది.

ఆమే లేచి, కెనడా కట్టలోంచి ఒక పలక లాగి
కొంగుతో రెండు వైపులా తుడిచి చూపించింది.
ఆయన జేబురుమాలులో చుట్టి
రొమ్ముకు ఆనించుకుంది, చంటిదాన్ని పట్టుకున్నట్టు.
పది మందిమీ నవ్వాపుకున్నాం.
ఈ ఆట మాకు తెలుసు. దొంగ రేకు ఎక్కడుంటుందో,
ఆ రేకులు కోసేదే నేను.

రుమాలు విప్పింది.
మాలకొండయ్య వంకర రాతలో, బలపంతో,
వెంగమాంబ
అని ఉంది.

ఆ పలకకు ఆ పొద్దునే నేను ఫ్రేము బిగించాను.
దాంట్లో రేకు లేదు.
ఆయన పోయి తొమ్మిది రోజులు.

"ఎట్టమ్మా?" దిబ్బయ్య గొంతు పిల్లాడి గొంతయింది.

"బయటివాళ్లకు చెప్పకూడదు గదా,"
అని పలక చంకన పెట్టుకుని
మెట్లు దిగిపోయింది.

కర్ర నా బల్ల సొరుగులో ఉంది.
ఆ పూట మినిట్సు రాయలేదు.
కెనడాకు మాత్రం రాశాను:
అయ్యా, ఇరవై మూడే పంపుతున్నాను,
ఒకటి ఇక్కడ ఖర్చయింది.
ఎట్టా అని అడగొద్దు.