ఎడమ పక్క

ఎడమ పక్కకే పడుకోండమ్మా, అంటుంది ఎస్తేరు సిస్టరు.
అందుకని ఘోషాసుపత్రి మేడ మీద మా గదిలో
ఎవరి మొహం ఎవరికీ కనిపించదు.
నా ముందు నూకాలు వీపు,
నైటీ కుట్టు విడిన చోట ఒక పుట్టుమచ్చ.
నూకాలు ముందు మెహరున్నిసా వీపు.
ఆమె ముందు కిటికీ,
కిటికీలో హార్బరు క్రేన్లు,
వాటి సందులో జానెడు సముద్రం.

నా వెనకున్న మనిషిని దగ్గుని బట్టి పోల్చుకుంటాను:
పాడేరు పైనుంచి జీపులో కొంత, డోలీలో కొంత,
ఆఖరికి అంబులెన్సులో దిగిన పాంగి చిలకమ్మ.
ఆమెకి రక్తం తక్కువ. మెహర్‌కి బీపీ ఎక్కువ.
నూకాలుకి కవలలు. "నాకన్నీ ఎక్కువేనమ్మా" అంటుంది.
నాకు ఉమ్మనీరు తక్కువ.

అంత నీరు కిటికీ అవతల పెట్టుకుని
లోపల చారెడు తగ్గిందని
వచ్చిన రోజు స్కానింగు కాగితం తడిసేదాకా ఏడ్చాను.
నూకాలు ఇటు తిరగలేదు,
రెండు ప్రాణాలతో తిరగడం పెద్ద పని.
గోడకి చెప్పినట్టు చెప్పింది:
"ఆటుకి సంద్రం ఎనక్కెల్తాది.
ఎల్లిపోనాదని ఎవులైనా తెప్ప అమ్ముకుంతారేటి?
నీల్లు తాగు. బేగి."

ఇంతకు ముందు రెండుసార్లు
అందరికీ చెప్పాను, అందరూ జాలిపడ్డారు.
ఈసారి గాజువాకలో ఇంటి ఓనరుకి కూడా
ఆరో నెల దాకా చీర చెంగే అబద్ధమాడింది.
పాత గుడ్డలు ఉతికి పెట్టలేదు.
పేరు, నిద్రలో కూడా అనుకోలేదు.
ఈ వీపులకి మాత్రం చెప్పాను.
వీపులు జాలిగా చూడవు.

అన్నం తిన్నాక కదలికలు లెక్కపెట్టాలి, పది రావాలి.
చిలకమ్మ మూట విప్పి తలా పది చింతగింజలు పంచింది.
బిడ్డ కదిలితే ఒక గింజ స్టీలు గ్లాసులోకి.
టిక్.
దీపాలార్పాక చీకట్లో నాలుగు గ్లాసులు,
ఎవరి బిడ్డ మెలకువగా ఉందో చెవులకి తెలుస్తుంది.
ఎవరిది మోగడం లేదో కూడా.

ఒక రాత్రి నాది నాలుగు దగ్గర ఆగింది.
తొమ్మిదైంది. పదిన్నరైంది.
ఎవరూ ఏమీ అడగలేదు.
వెనకనుంచి భుజం మీదుగా బెల్లంముక్క వచ్చింది.
ముందునుంచి చేతులు మారుతూ ఫ్లాస్కు వచ్చింది,
కోటవీధి నుంచి మెహర్ అత్తగారు తెచ్చిన చల్లనీళ్ళు.
నూకాలు మొగుడి బోటు ఇంజను
నడిసంద్రంలో ఆగిపోయి మళ్ళీ అంటుకున్న కథ
మూడోసారి మొదలుపెట్టింది.
ఇంజను అంటుకోక ముందే
లోపల చేప మళ్ళినట్టయింది.
టిక్.
ఆ వెంటనే మరో మూడు గ్లాసులు మోగాయి.
అవి వాళ్ళ బిడ్డల లెక్కలోవి కావని నాకు తెలుసు.

మంగళవారం తెల్లారగట్ల మెహర్‌ని తీసుకెళ్ళారు.
ముప్ఫై ఒకటో వారం, కిలో రెండువందలు, గాజుపెట్టెలో ఉంది.
మేం ఒక్కో మంచం ముందుకి జరిగాం.
నిన్న రాత్రి నూకాలుని.
"ఇద్దరూ ఏడిశారా?" అని సిస్టరుని అడిగితే
నా బీపీ చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు కిటికీ నాది.
ముందు ఏ వీపూ లేదు,
క్రేన్లు, ఆ జానెడు నీరు.

పొద్దున్న మెహర్ గుమ్మంలో ఆగింది,
పొట్ట లేదు, చేతిలో చిన్న గిన్నె.
"పదిహేను మిల్లీలు పిండాను"
పరీక్షలో మార్కులు చెప్పినట్టు చెప్పింది.
తర్వాత నన్ను చూసి,
"అయితే ఇదా నీ మొహం!" అని నవ్వింది.
నేనూ నవ్వాను.
పాలు చల్లారిపోతాయని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఈ రాత్రి చిలకమ్మ అవతలి మంచానికి ఎవరో పిల్ల వచ్చింది,
కాగితం నలుపుతున్న చప్పుడు.
తిరిగి చూడబోయాను. పొట్ట ఒప్పుకోలేదు.
కిటికీకే చెప్పాను:
"నీళ్ళు తాగమ్మా. ముందు నీళ్ళు తాగు."

చిలకమ్మ చెయ్యి నా వీపు మీద ఉంది.
ఎప్పుడు వేసిందో తెలీదు.
గ్లాసులో ఏడు.