సందు

వాళ్ల రాతల సందు లేదు.
మాటకూ మాటకూ నడుమ ఊపిరి విడువరు.
పుటంత ఒక్కటే మంద,
కట్ట మీద దుమ్ము లేపుకుంట పోతున్నట్టు.

నల్లగొండ గడియారం సెంటర్ల
జిరాక్స్ దుకాణం మీది గది.
పదకొండు మంది నర్సు పిల్లలు.
జపాన్ల ముసలోళ్లను లేపి కూసోబెట్టే కొలువు వాళ్లది.
అంతకన్న ముందు
ఈ గుంపుల నుంచి ఒక్కొక్క మాటను లేపి కూసోబెట్టాలె.
అందుకే నేనొక ప్రోగ్రాం రాస్తున్న,
రాత్రిళ్లు, కరెంటు ఉన్నప్పుడు,
ఒడిల పెట్టుకుంటే తొడలు కాలే పాత లాప్‌టాపు మీద.

ఏడు వందల వాక్యాలు చేత్తో కోసి చూపిచ్చిన దానికి.
బాగనే నేర్సుకున్నది.
“కోషి గ ఇతయ్” అంటే
నడుము, ఒక విభక్తి, నొప్పి అని
మూడు ముక్కలు చేసి కింద తెలుగు పెడుతది.
మర్రిగూడ నస్రీన్ చదివి
“మా దాదీ పొద్దుగాల లేవంగనే అనే మాటే గద మేడం” అన్నది.
ఆ ఊరి నీళ్లు తాగిన ఎముకలకు
ఏ భాషైనా ముందు ఈ వాక్యమే వస్తది.

ఒకనాడు ఆరు అక్షరాలు వచ్చినయి.
కు రు మ దె మ త్సు.
ప్రోగ్రాం ఆలోచించలే, కోసింది:
కురుమ. దె. మత్సు.
బండి. ల. ఆగు.
గది ఘొల్లుమన్నది.
మూడో బెంచిల శివలీల లేచి
“మేం కురుమోళ్లం మేడం,
జపాన్ల మేం బండ్లమా?” అన్నది
నవ్వుకుంటనే, తల దించకుండ.

బోర్డు మీద గీతను ఒక్క అక్షరం వెనక్కి జరిపిన.
కురు. మదె. మత్సు.
వచ్చు. దాక. ఆగు.
అవే ఆరు.
బండి మాయమై
రావలసిన మనిషి మిగిలిండు.

ఆ ఆదివారం ఉదయసముద్రం కట్ట మీద
శివలీల నాయన బీరయ్యను అడిగిన:
రెండు మందలు కలిసిపోతే ఎట్ల విడదీస్తవని.
చెవుల గాట్లు చూస్త అంటడనుకున్న.
“గాట్లు జూసుకుంట కూసుంటే పొద్దుగూకుతది బిడ్డా.
దేని పక్కన ఏది నడుస్తదో జూస్త.
తెలవని దాని పక్కన గొర్రె మెడ సాపది.”

ఇంటికొచ్చి తెల్లారేదాక అదే రాసిన.
ప్రతి అక్షరం కాడ తొవ్వలు చీల్చి
ప్రతి తొవ్వకు ఒక ఖర్చు కట్టి.
మాట ఖర్చు ఒక్కటే కాదు,
పక్క మాటతోని చుట్టరికం ఖర్చు.
అన్నిట్ల చవుక తొవ్వ ఏదో అదే వాక్యం.
పుస్తకాలు దీన్ని లెక్కలల్ల చెప్పినయి.
నాకు గొర్లల్ల అర్థమయింది.

తప్పులు తగ్గినయి. పోలే.
మన మాటకు మాత్రం ఏం సందున్నది?
“వస్తనన్నడు” అని ఒక్క ఊపిరిల అంటం,
రాక ఎక్కడ అయిపోయిందో
మాట ఎక్కడ మొదలయిందో
వ్యాకరణం సారు వచ్చి సంధి విప్పేదాక ఎవరడిగిండ్రు?

ఆ ఆరు అక్షరాలకు మాత్రం
రెండు తొవ్వల ఖర్చూ ఒక్కటే వస్తున్నది.
పైసా తేడా లేదు.
గుంజి ఒక దిక్కు వాల్చొచ్చు. మనసొప్పలే.
రెండు కోతలూ చూపి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుమన్న.
పిల్లలకు నచ్చలే:
“పరీక్షల ఒక్కదానికే టిక్కు పెట్టాలె గద మేడం.”

పరీక్ష హైదరాబాదుల అయింది.
సాయంత్రం శివలీల ఫోన్ నుంచి మెసేజి,
తెలుగు లేదు, సందు లేదు,
ఆరే అక్షరాలు.
ప్రోగ్రాంల వేసిన. రెండు వరుసలు, ప్రశ్న గుర్తు.
పక్కన ఏ మాటా లేని మాటను
బీరయ్య అయినా ఏ మందల కలుపుతడు?
ఫోన్ చేసిన.
“బండిలనా? వచ్చేదాకనా?”
వెనుక బస్సుల చప్పుడు.
“మీ ప్రోగ్రాంనే అడుగుండ్రి మేడం” అని
పడిపడి నవ్వి పెట్టేసింది.

చీకటి పడ్డది. తెర ఇంకా వెలుగుతనే ఉన్నది.
కింద, జిరాక్స్ దుకాణం పక్క సందుల,
ఎవరో హారన్ కొడుతున్నరు.