ఉప్పు పెట్టే మూల

సంతపేటలో మందుల కొట్టు పైన నా గది.
కిటికీ తీస్తే టానిక్కుల వాసన,
మూస్తే కంప్యూటర్ వేడి.
ఆ గదికి పెంచలమ్మ గారు
మూడంతస్తులెక్కి వచ్చింది,
ఆయాసం తీరకముందే అంది:
"నాకొక వెబ్‌సైటు కట్టు నాయనా.
పేరొకటే. యాపారాలు మూడు."

మెస్సు ఆమెది. ముప్పయ్యేళ్ళ చేపల పులుసు.
రొయ్యల మేత పెద్దోడు మాలకొండయ్యది, ముత్తుకూరు రోడ్డులో.
టెంట్ హౌసు కూతురు కామాక్షిది.
కుర్చీలు, షామియానాలు, సీరియల్ బల్బులు,
ఖాళీ స్థలం చూపిస్తే
రాత్రికి రాత్రి పెళ్ళి నిలబెట్టే సరంజామా.

"నాకు పులుసు రంగు కావాల," అంది ఆమె.
ఏ పులుసమ్మా?
"అప్పుడే దించింది కాదు.
రాత్రి కాచి, పొద్దున మూత తీసినప్పటిది."
ఆ రంగుకి అంకెలు వెతుక్కుంటూ
మూడు పూటలు మెస్సులోనే తిన్నాను.

మాలకొండయ్యకి అలంకారాలొద్దు.
తెల్లటి నేల, నీలం గీతలు, వరసగా గళ్ళు:
ప్రొటీను శాతం, బస్తా ధర.
"చెరువు గట్టున ఎండలో నిలబడి చూస్తారన్నా,
అక్షరం లావుగా ఉండాల."
కామాక్షికి గులాబీ, దానిమీద జరీ,
దానిమీద మిణుకులు,
అవి చాల్లేదని ఇంకొన్ని.

ఒక చిరునామాలో మూడు లోకాలు.
కట్టి, చూసుకుని, నేనే మురిశాను.
అద్దె కట్టని నెలలో మురిసిపోవడం చవక.

పెంచలమ్మ చీరకొంగుతో ఫోను తుడిచింది.
పులుసులోంచి మేతలోకి పోయింది,
మేతలోంచి గులాబీలోకి.
ఆగింది.
వెనక్కి వచ్చే గుర్తుని
మేతలో పైన పెట్టాను, గులాబీలో కింద,
పులుసులో అరిటాకు బొమ్మ వెనక దాచాను,
అందంగా ఉంటుందని.
ఆమె వేలు గాల్లోనే నిలబడింది,
నిద్రమత్తులో బస్సు దిగి
ఇది మన ఊరు కాదే అనుకున్న మనిషిలాగా.

తిట్టలేదు. మెస్సుకి రమ్మంది.

మధ్యాన్నం మూడప్పుడు, జనం పలచబడ్డాక
ఆకేసింది. నీళ్ళు చిలకరించింది.
ఎడమ పక్క పైమూలన చిటికెడు ఉప్పు.
"ఈడ సోమారం పప్పు, మంగళారం వంకాయ,
ఆదివారం కొరమీను.
కూర మారద్ది, గిన్నె మారద్ది,
వడ్డించే పిల్లోడు ఆర్నెల్లకొకడు మారతాడు.
ఉప్పు పెట్టే మూల మాత్రం మార్చబాక.
చూడకుండానే చెయ్యి ఆడికి పోవాల.
చెయ్యి వెతుక్కుంటే ఆకలి చచ్చిపోద్ది."

ముద్ద గొంతు దిగేలోపు
నా తప్పు ఒంటికి దిగింది.

రాత్రి కూర్చున్నాను.
రంగుల జోలికి పోలేదు.
పులుసు పులుసే, నీలం నీలమే,
కామాక్షి మిణుకులు కామాక్షివే
(రెండు తీశాను, లెక్కపెట్టదులే అని).
మూడింట్లోనూ ఎడమ పైమూలన
ఒకే చోట, ఒకే కొలతలో, తెల్లటి చుక్క.
తెల్ల నేలమీద తెల్ల చుక్క కనపడదు గనక
మేత దగ్గర మాత్రం చుట్టూ సన్నటి బూడిద గీత.
నొక్కితే మొదటి గుమ్మం.

"మా గురించి" అనే పుట మిగిలింది.
మొదటి పొయ్యి, అప్పు తెచ్చిన గిన్నెలు,
వరదల ఏడు మోకాలిలోతు నీళ్ళలో వండిన అన్నం.
రాసుకుపోయి చదివి వినిపించాను.
పెంచలమ్మ చేప తోముతూ విన్నది,
ముంజేతుల నిండా పొలుసులు,
ఎండ తగిలిన చోట మాత్రం మెరుస్తూ.
"అదంతా రాయబాక. ఫోన్ నంబరెయ్యి.
రెండు దాటితే కొరమీను ఉండదని రాయి."
మరి రంగు?
"దానికెందుకు రంగు?"

మొన్నొకాయన మేత కోసం వచ్చి
చెయ్యి జారి చుక్క నొక్కాడట.
ఇరవై బస్తాలతో పాటు
నాలుగు పులుసు క్యారేజీలు చెప్పాడు.
మాలకొండయ్య ఫోన్ చేసి నవ్వాడు.

కామాక్షి మాత్రం నాతో మాట్లాడటం లేదు.
మిణుకులు లెక్కపెట్టుకున్నట్టుంది.