తాగనియ్యి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో సీట్ల దస్తగిరి
కారు తలుపు తీసి, లోపలికి తొంగిచూసి
నాలుక చప్పరించాడు.
"సార్, ఇది అయిపోయింది. పీకేద్దాం.
తొమ్మిది వేలిస్తే కొత్త రెగ్జిన్, రెండు రంగులు, డబుల్ కుట్టు.
సాయంత్రానికి పెళ్లికొడుకు."

తొంభై ఆరు మోడల్ బెంజి.
రిటైరైన డబ్బుల్లో ఓ ముక్క పెట్టి
గుంటూరు మిర్చియార్డు కమిషన్ వ్యాపారి దగ్గర కొన్నాను.
మా ఆవిడ ఇప్పటికీ దాన్ని కారు అనదు,
"మీ సరదా ఎక్కడ పెట్టారు?" అంటుంది.
సీటులో ఆ వ్యాపారి ఒళ్లు ఇంకా ఉంది,
ఎడమకి కాస్త వాలి కూర్చునే మనిషనుకుంటా.
కుట్లలో గోరు పెడితే మిరపగింజ వచ్చింది.
మే నెలలో అద్దాలు దించకుండా ఎక్కితే
ఈనాటికీ రెండు తుమ్ములు.

దిగేటప్పుడు తొడ రాసుకునే కుడి అంచు మాత్రం
బ్యారేజీ కింద నీళ్లు వదలని ఏడాది
కృష్ణ అడుగున ఎండిన ఒండ్రులా
పెచ్చులు లేచింది.
బెంజి సర్కిల్ సిగ్నల్లో ఎండ
నన్ను దాటి దానిమీదే కూర్చుంటుంది.

"పీకొద్దు" అన్నాను.
"పోనీ పాలిష్ కొడతా, అద్దంలా మెరుస్తది."
"మెరవొద్దు."
దస్తగిరి నన్నోసారి, కారునోసారి చూసి
టీ చెప్పాడు.

ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, అపార్టుమెంటు సెల్లారులో
పాత బనియను తడిపి, చుక్క కారకుండా పిండి.
ముందు దుమ్ము.
కుట్ల సందుల్లో అరిగిపోయిన పళ్లబ్రష్షు.
కుంకుడు నురగ. నీళ్లు కాదు, నురగే.
బనియను నల్లబడింది, మళ్లీ నల్లబడింది,
నాలుగోసారికి టీ రంగుకొచ్చింది.
నీడనే ఆరనిచ్చాను. ఎండ చూపిస్తే తోలు అలుగుతుంది.
ఈ మాట నాది కాదు.

మా తాత యిర్మీయా
తంగేడు చెక్క నానిన లందలో
మోచేతుల దాకా బతికినవాడు.
ఆయన కుట్టిన మోటబాన
కామందుల బావిలోకి రోజుకు వందసార్లు దిగేది.
ఆయన ఆ గట్టు ఎక్కింది లేదు,
దోసిలి పట్టి దూరాన నిలబడేవాడట
ఎవరో ఒకరు పోసేదాకా.
నేనెరిగిన తాత ముసలివాడు.
చిప్పలో ఆముదం గోరువెచ్చన చేసి
బొటనవేలితో చెప్పుకి రాస్తూ
పక్కన తొందరపడే నన్ను కసిరేవాడు:
"పుయ్యమాకరా. తాగనియ్యి."

బొటనవేలితోనే రాశాను.
రంగు పూత నిలిచిన చోట నూనె
జారిపోతోంది, అంటుకోనంటోంది.
పూత పోయి, అంచు చిట్లి
లోపలి బూడిదరంగు బయటపడ్డ చోట
గుటకలేస్తోంది.
రాత్రంతా వదిలేసి మళ్లీ కాస్త.
పగుళ్లు పూడలేదు. పూడవు.
ముదరకుండా ఆగితే చాలు.

మిగిలిన చుక్కలు నా మోచేతులకి రాసుకున్నాను.
లిఫ్టులో మూడో అంతస్తు కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు.
లెక్కల మాస్టారుగా ముప్పై మూడేళ్లు
ఆ వాసన నామీద లేకుండా చూసుకున్నవాణ్ని.
అత్తరు, పౌడరు, రోజుకో ఇస్త్రీ చొక్కా.

పదిరోజులకి దస్తగిరి అంచు మీద వేలు పెట్టి నొక్కాడు.
ముడత పడింది.
వేలు తీస్తే, నిదానంగా, సర్దుకుంది.
"ఎవరు నేర్పారు సార్?"
"మా తాత. యిర్మీయా. తోళ్లు ఊనేవాడు."
కంప్రెసర్ అప్పుడే ఆగింది కాబోలు,
నేననుకున్నదానికంటే గట్టిగా వినబడింది.
పక్క షెడ్డులో వెల్డింగు కుర్రాడు కూడా తలెత్తాడు.

దస్తగిరి వేలు వాసన చూసుకుని
"ఆముదం గానుగదా సార్, ప్యాకెట్టుదా?" అన్నాడు.