నీళ్లు కనబడే అర్ర

పదకొండు ఇండ్ల తాళాలు నా కొంగున ఉంటయి.
ఒక్కటి నాది కాదు.
గేట్ల మీది పేర్లకు నా నోరు తిరుగదు,
అందుకే నావి నేను పెట్టుకున్న:
అద్దాల ఇల్లు. రెండు కుక్కల ఇల్లు.
ఎన్నడూ రానోళ్ల ఇల్లు.
పియానో ఇల్లు –
దుమ్ము తుడుస్తుంటే దాని మెట్టొకటి
కిందికి దిగి మూలుగుతది,
ఎవ్వరు లేకున్నా నేను సారీ అంట.

ములుగు దాటినంక అడవిలకు మలిగే ఈ తొవ్వ
ఒకప్పుడు బొగ్గు బస్తాల సైకిళ్లది.
ఇప్పుడు ఓదెలు హోటలుకు కెఫే అని బోర్డొచ్చింది,
చాయ్ అదే, కప్పు మారింది,
పదిరూపాలది అరవై.
యాకూబ్ పంక్చర్ల దుకాణంల
తెడ్లు, నారింజ రంగు జాకెట్లు కిరాయికి దొరుకుతయి.
వానికి ఈత రాదు.
సాంబలక్ష్మి ఇప్పపువ్వు లడ్డూలు కడుతది.
డబ్బా మీద నవ్వే పిల్ల ఎవరో
ఆమెకూ తెల్వదు.

డిసెంబర్ల కార్లు వరుస కడుతయి, మంచు కోసం.
పొద్దుగాల ఆరింటికి బాల్కనీల నిలబడి
చెరువు మీది పొగను చూసి ఎంత మెల్లగ మాట్లాడుతరో,
పండుకున్న పసిపిల్ల పక్కన ఉన్నట్టు.
నిజం చెప్పాలె, ఆ గడియల వాళ్లు నాకు నచ్చుతరు.

మాఘం పోంగనే యాసంగికి తూము లేపుతరు.
లేపేది మా ఆయన, నీరటి మొగిలి.
వాళ్ల తాత లేపిండు, నాయిన లేపిండు.
తూము తాళం ఆయన మొలతాడుకు ఉంటది.
చెరువు దినాం ఇంత దిగుతది,
ముందు గుండ్లు బయటపడుతయి,
తర్వాత మొద్దులు, తర్వాత నల్ల బురద,
బురదల ఎవరిదో ఒక చెప్పు.

బుధవారం అద్దాల ఇంటి మృదులమ్మ ఫోన్:
"సరోజనా, నీళ్లేవి?
నీళ్లు కనబడే రూమని తొమ్మిది వేలు ఎక్కువ తీసుకున్నం.
శనివారం ఎంగేజ్‌మెంటు.
మీ ఆయనకు చెప్పు, నాలుగు రోజులు బంద్ పెట్టమను.
ఊకె వద్దులే, చూసుకుంట."

చెప్పిన.
మొగిలి బువ్వ తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు,
బీడీ ముట్టిచ్చుకున్నడు.
అవునన్లే, కాదన్లే.
నాలుగు రోజులంటే ఎంత, అనుకున్న నేను.
నాకు పొలం లేదు గద.

తెల్లారి దుప్పట్లు మార్చ పోతుంటే ఎనుక వచ్చిండు.
ఆరేండ్లల్ల ఎన్నడూ లోపట అడుగు పెట్టనోడు.
చెప్పులు గేటు కాడనే ఇడిచిండు.
గోడంత అద్దం ముందు నిలబడి
బురదను చూసిండు చానాసేపు,
తప్పు చేసి దొరికినోని లెక్క.
"చెయ్యి కడుక్కుంట" అని బాత్రూంలకు పోయిండు.
రాడు, రాడు, ఎంతకూ రాడు.
తొంగి చూస్తే స్టూలెక్కి
వెంటిలేటర్ల మొఖం పెట్టిండు.
"సరోజ, ఇటు రా."

ఇద్దరం ఒక్క స్టూలు మీద.
జానెడు కిటికీల
కట్ట కింది ఆయకట్టంత పట్టింది.
కాలువ మెరుస్తున్నది, పిల్ల కాలువలు మెరుస్తున్నయి,
మడిమడిల ఆకాశం పలుచగ నిలబడ్డది.
కట్టయ్య వరి పొట్టకొచ్చింది,
గెట్టు మీద ఆయన కూసోని
ఏం పని లేనట్టు దాన్నే చూస్తున్నడు.

ఫోన్ చేసిన.
"నీళ్లు కనబడుతున్నయమ్మా.
బాత్రూం కిటికీలకెళ్లి."
ఆమె నవ్వుతదనుకున్న.

ఇప్పుడు నా కొంగున పది తాళాలే.
బరువు తగ్గింది, జీతం తగ్గింది.
నిన్న పియానో ఇల్లు ఊడ్వ పోతే
మొగిలి మళ్ల ఎనుకే వచ్చిండు,
ఈసారి పిలువకుంటనే.
మూలుగు ఇని ఆగిండు.
"తూము లేపినప్పుడు
లోపట గిట్లనే అంటది" అన్నడు.
"మళ్లొక్కసారి ఒత్తు."